ఎనభై ఏడు మార్కుల నవల

ఆ బుధవారం పొద్దున జ్ఞానానందం వేసుకున్న పథకంలో పెద్ద కోరికలేమీ లేవు. తొమ్మిదింటికి పఠన మందిరం తలుపులు తీయాలి. బెంచీలు తుడవాలి. మూడింటి పాసింజరులో దిగే జిల్లా అధికారిని స్టేషన్ నుంచి నడిపించుకు రావాలి. నాలుగింటికి 'ఇటీవల నేను చదివిన నవల' అనే గోష్ఠి జరిపించాలి. ఆరింటికి ఆయన్ని మళ్లీ రైలెక్కించి, ఇంటికి పోయి, చొక్కా విప్పేసి నులకమంచం మీద వాలాలి. వీటన్నిటిలో అతను మనసారా ఎదురు చూస్తున్నది ఆ చివరిదాని కోసమే.

కొత్తవలసలో ఆ పఠన మందిరాన్ని అతను పద్నాలుగేళ్లుగా చూసుకుంటున్నాడు. పార్ట్‌టైము ఉద్యోగం. పార్ట్‌టైము అనేది ఉత్తర్వులో ఉన్న మాట. పొద్దున తలుపు తీసేదీ, సాయంత్రం వేసేదీ, మధ్యలో పుస్తకాల్లోంచి పురుగులు దులిపేదీ అతనే. కిరండూలు రైలు లైను పడ్డాక ఊళ్లో హోటళ్లు పెరిగాయి, సైకిలు షాపులు పెరిగాయి, పుస్తకం కోసం వచ్చేవాళ్లు మాత్రం ఆ పాతిక మందే. ఈ సంగతి ఎవరో పనిగట్టుకుని జిల్లా కార్యాలయానికి అర్జీ రాశారు. ఇక్కడ చదివేవాళ్లు లేరు గనక మందిరాన్ని పక్కనున్న జామి ఊరికి తరలించవలెనని. తరలిస్తే బీరువాలు వెళతాయి, పుస్తకాలు వెళతాయి, గోడగడియారం కూడా వెళుతుంది. జ్ఞానానందం వెళ్లడు. అక్కడ ఆ పనికి మనిషి ముందే సిద్ధంగా ఉన్నాడట. నలభై ఎనిమిదో యేట ఇంకో పని వెతుక్కోవాలన్న ఆలోచన వస్తేనే అతనికి మోకాళ్లు నొప్పి పుట్టేవి.

అర్జీ నిజమో కాదో చూడటానికి నరసింగరావు అనే అధికారి స్వయంగా వస్తున్నారు. చదివేవాళ్లున్నారని రుజువు చెయ్యాలంటే చదివినవాళ్ల చేత మాట్లాడించాలి. నలుగురిలో లేచి నవల గురించి మాట్లాడగలిగినవారు ఊళ్లో ఒక్కరే, హైస్కూల్లో లెక్కలు చెప్పే జగన్నాధం మేస్టారు.

మేస్టారు నవలని కూడా పరీక్ష పేపరు దిద్దినట్టే చదువుతారు. చేతిలో పెన్సిలు లేకపోతే అట్ట తెరవరు. పూర్తి కాగానే చివరి ఖాళీ పేజీలో నూటికి ఇన్ని అని మార్కులు వేసి, కింద ఒక ముక్క రాస్తారు. "31. నాయిక మూర్ఛపోవడం తొమ్మిదిసార్లు." "24. ఈ అపార్థం పోస్టుకార్డు రాస్తే తీరిపోయేది." "18. నాయకుడికి కారు తప్ప వేరే గుణం లేదు." ఊళ్లో ఉన్న పాతిక మంది పాఠకులూ ముందు ఆ చివరి పేజీ తిప్పి చూస్తారు. చూసి, పుస్తకం బల్ల మీదే పెట్టి ఇంటికి పోతారు. పద్నాలుగేళ్లలో ఒక్క నవల నలభై దాటలేదు. అందుకని పది రోజుల కిందట జ్ఞానానందం ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మేస్టారూ, ఒక్కదాన్నైనా బాగుందని సెప్పాలి మీరు. అధికారి ముందు పద్దెనిమిదీ, ఇరవైనాలుగూ అని సదివితే మందిరం జామి ఎల్లిపోతాది."

"బాగుంటే చెప్తాను, నాకేటి కష్టం" అన్నారు మేస్టారు.

వారం తిరక్కుండా ఆయన తనంతట తానే వచ్చారు. చంకలో విరజాదేవి నవల 'చెప్పని చిరునామా' ఉంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినదాన్ని వారం వారం కత్తిరించి దాచి, మందిరమే బైండు చేయించిన ప్రతి అది. "ఎనభై ఏడు" అని మాత్రం అని, గోష్ఠి దాకా పుస్తకం తన దగ్గరే ఉంచుకుంటానని చెప్పి వెళ్లిపోయారు. ఆ రోజు జ్ఞానానందం సంతోషపడే ఓపిక కూడా లేక, హమ్మయ్య అనుకుని ఊరుకున్నాడు.

బుధవారం పదింటికి బెంచీలు తుడుస్తుండగా నూకయ్య వచ్చాడు. బైండింగు అతని పని. స్కూలు రిజిస్టర్లు, చర్చి పాటల పుస్తకాలు, మందిరం సీరియళ్లు అన్నీ అతని సూది కిందకే వస్తాయి. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. కుట్టు మాత్రం గట్టిది.

"మల్లీ సీరియల్లు ఏటైనా ఉన్నాయేటి బాబూ? సేతులు కాలీగున్నాయి."

"ఇంకెక్కడివి నూకయ్యా. విరజాదేవివి రెండూ కుట్టీసినావు కదా. 'చెప్పని చిరునామా' అయిపోనాది, 'మేడమీది మేఘం' అయిపోనాది."

"ఆ రెండూ నన్ను బలే కష్టపెట్టీసినాయి. ఒకే గోనెలో కలిపీసి ఇచ్చినారు మీరు."

నిజమే. రెంటినీ విడివిడిగా కట్టడానికి పురికొస లేదు. పురికొస కోసం జిల్లా కార్యాలయానికి ఇండెంటు పెట్టి ఏడు నెలలైంది. "మరి ఏది ఏదో ఎలగ తెలిసింది నీకు?" అని జ్ఞానానందం మాటవరసకి అడిగాడు. అడక్కపోతే బాగుండేది.

"అదేటి బెమ్మయిద్దె బాబూ. ప్రెతి వారం ఆడగుంట బొమ్ముంటాది కదా. కొన్నిట్లో జడ, కొన్నిట్లో ముడి. జడవన్నీ ఒక కత అని ఒక బొత్తి ఎట్టినాను. ముడివన్నీ ఇంకో కత అని ఇంకో బొత్తి ఎట్టినాను. కిందన మీరు పెన్సిలుతో ఏసిన నెంబర్లు ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా సూసుకొని కుట్టీసినాను. ఒక్క నెంబరు తప్పు నేదు."

"ప్రతి వారం పైన కథ పేరు అచ్చేసి ఉంటాది కదా."

"అదా. అంచులు ఎగుడుదిగుడుగున్నాయని పైనంతా ఏలెడు కోసీసినాను."

జ్ఞానానందం తుడిచే గుడ్డ కింద పెట్టి బీరువా తెరిచాడు. మొదటి పేజీ చూసి తానే అట్ట మీద పేరు రాసిన 'మేడమీది మేఘం' తీసి నించునే తిరగేశాడు. పద్నాలుగో వారం దాకా వైశాలి అనే అమ్మాయి డాక్టరు చదువు చదివింది. బొమ్మలో ముడి. పదిహేనో వారంలో సుధామయి అనే పంతులమ్మ పల్లెటూరి బడిలో పాఠం చెబుతోంది. అదీ ముడే. అప్పుడు అతనికి పత్రికలో చూసింది గుర్తొచ్చింది. 'చిరునామా' నాయిక సుధామయి సగం కథ దాకా జడతో తిరిగి, కష్టాలు రాగానే ముడి పెట్టింది. 'మేఘం' నాయిక వైశాలి డాక్టరయ్యేదాకా ముడితో ఉండి, ప్రేమ కలగగానే జడ వేసింది. బొమ్మలేసినాయన ఆడవాళ్లందరికీ ఒకే మొహం వేస్తాడు. రెండు నవలల జడ సగాలూ కలిసి ఒక పుస్తకం అయ్యాయి, ముడి సగాలూ కలిసి ఇంకో పుస్తకం అయ్యాయి. మేస్టారు ఎనభై ఏడు మార్కులు వేసిన నవల ఈ భూమ్మీద ఎవరూ రాయలేదు.

"ఏటైనా తప్పొచ్చిందా బాబూ?" అన్నాడు నూకయ్య.

"నేదు నూకయ్యా. కుట్టు బాగుంది" అన్నాడు జ్ఞానానందం. అతన్ని కోప్పడటానికి కూడా శక్తి ఉండాలి.

మేస్టారికి నిజం చెప్పడం కుదరదు. కిందటి యేడు అర్ధసంవత్సరం పరీక్షల్లో ఎవరికో రెండు మార్కులు తప్పు కూడినందుకు ఆయన ప్రార్థన సమయంలో నాలుగొందల మంది ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నారు. అలాంటాయనకి ఈ సంగతి తెలిస్తే అధికారి ముందు లేచి, ఈ మందిరంలో రెండు పుస్తకాలు కలిపి కుడతారు సార్ అని మొదలుపెడతారు. ఇలాంటి పుస్తకాలిస్తున్నారు, పుచ్చుకున్నవాళ్లకి తేడా కూడా తెలియదు అని అధికారి రాసుకుంటారు. ఆ తరవాత గోడగడియారం జామిలో గంటలు కొడుతుంది. అందుకని నిజం చెప్పకుండానే ఆయన్ని తప్పించాలి. జ్ఞానానందం మందిరానికి తాళం వేసి హైస్కూలుకి నడిచాడు.

మేస్టారు స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చుని గోష్ఠికి నోట్సు రాసుకుంటున్నారు. జ్ఞానానందం నించునే చెప్పాడు. "మేస్టారూ, ఈ నవల వద్దు. వేరేది ఏదైనా మాటాడండి."

"వేరేదంటే ముప్పై ఒకటి ఉంది. తొమ్మిదిసార్లు మూర్ఛపోయింది. అది మాటాడనా?"

"అది కాదు. ఇది కొంచెం గందరగోళంగా ఉందేమోనని..."

"గందరగోళం ఏటుంది ఇందులో. నువ్వు చదివావా?" మేస్టారు కలం మూత పెట్టారు. "కూచో, చెప్తాను. ఈ ఊరు రాకముందు ఇరవై ఏళ్లలో పదకొండు ఊళ్లు తిరిగాను. ట్రాన్స్‌ఫరైన ప్రతిసారీ పిల్లలు స్టేషనుకొచ్చి ఏడిసేవాళ్లు. నేనూ ఏడిసేవాణ్ని. దిగిన ఊళ్లో ఇల్లు వెతుక్కోవడంలో పడితే వారానికి ఒక్క పేరూ గుర్తుండేది కాదు. నా గుండె రాయేమోనని ఎవరికీ చెప్పుకోలేదు. నవలల్లో చూస్తే అందరూ జీవితాంతం ఎవరినో తల్చుకుని ఏడుస్తుంటారు. ఈ సుధామయి రైలెక్కింది. ఇంజనీరు ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయాడు. రైలు దిగింది. అంతే, మళ్లీ ఒక్క పేజీలో కూడా అతని ఊసు ఎత్తలేదు. పేరు కూడా వైశాలి అని మార్చీసుకుంది. ఎందుకో రచయిత్రి చెప్పలేదు. ఇంత నిజం నేను ఎక్కడా చదవలేదు. చదివాక నా ఒక్కడికే ఇలాగ కాదు కదా అనిపించింది."

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. జ్ఞానానందానికి ఆయన మీద జాలేసింది, తన మీదా జాలేసింది. చెప్పడానికి వచ్చిన మాట మింగేసి, మంచినీళ్లు తాగి, బయటికొచ్చాడు.

ఇక రెండో పుస్తకం. ముడి సంపుటాన్ని చదివింది ఊళ్లో ఒక్కరే, మిషన్ ఆస్పత్రిలో నర్సు దేవమణి. చదివి తెచ్చి బల్ల మీద విసిరేసినంత పని చేసింది. గోష్ఠికి ఆవిడ ఎలాగూ రాదు, సాయంత్రం డ్యూటీ ఉంది. అయినా రూఢి చేసుకుంటే మంచిదనిపించి జ్ఞానానందం మిట్టమధ్యాహ్నం ఆస్పత్రికి నడిచాడు. ఆ రోజు అతను చేసిన పనుల్లో ఇంతకన్నా బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు.

"సాయంత్రం మీటింగుకి మీరు రానక్కర్లేదని సెప్పడానికొచ్చాను సిస్టరుగారూ."

"నాను వస్తానని ఎవలు సెప్పినారు?"

"ఎవలూ సెప్పలేదు."

దేవమణి చేతిలో ట్రే కింద పెట్టింది. "నన్ను రావద్దని సెప్పడానికి ఇంతెండలో మైలు దూరం నడిచొచ్చినారా? ఏటవుతాది అక్కడ?"

"ఏటీ అవదు. ఊరికే, నవలల గురించి..."

"ఓహో. ఆ 'మేఘం' గురించేనా. దాని గురించి నాను మాటాడతానని మీకు భయం." ఆవిడ వెనక్కి తిరిగి వరండాలోకి చూసి కేకేసింది. "కూర్మమ్మా, సాయంత్రం నా వార్డు నువ్వు సూడు. రేపు నీది నాను సూస్తాను."

నాలుగింటికి మందిరంలో ఇరవై మంది దాకా చేరారు. నరసింగరావు మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటుతో, గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. యాభై దాటిన మనిషి. నవ్వితే బొత్తాం ఊడుతుందేమోనన్నట్టు ఉంటారు. రిజిస్టరు తిరగేసి, "ఈ పేర్లన్నీ ఊళ్లో ఉన్న మనుషులవేనా?" అని అడిగి, జవాబు వినకుండానే చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. జ్ఞానానందం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే మళ్లీ లేవలేనని అతనికి అనుమానం.

జగన్నాధం మేస్టారు నవల చేతబట్టుకుని లేచారు. రచయిత్రి పేరు విరజాదేవి అనగానే అధికారి తల పైకెత్తారు. మేస్టారు సుధామయి బడి గురించి, ఇంజనీరు రవికాంత్ గురించి చెప్పారు. రైలు కదిలే ఘట్టం చదివి వినిపించారు. అధికారి కళ్లు మూసుకుని కాసేపు తల ఊపుతూ విన్నారు. జ్ఞానానందానికి కొంచెం ఊపిరి ఆడింది.

"తరవాత, పదిహేనో వారం. ఆవిడ రైలు దిగేసరికి డాక్టరు. పేరు వైశాలి" అన్నారు మేస్టారు.

అధికారి కళ్లు తెరిచారు. సరిగ్గా అప్పుడే ఇనపరాయి బండి వచ్చింది. కిరండూలు నుంచి వచ్చే ఆ గూడ్సు ఊరు దాటేసరికి మనిషి ఒక పూట అన్నం తినేయొచ్చు. అంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. అధికారి నోరు తెరిచి ఏదో అన్నారు, మూశారు, మళ్లీ తెరిచారు. చివరి వ్యాగన్ పోయాక ఆయన గొంతు ఒక్కసారిగా పెద్దగా వినబడింది.

"సుధామయి డాక్టరు చదవలేదు."

"చదివింది సార్, ఏడేళ్లు" అన్నారు మేస్టారు ప్రశాంతంగా. "పి.యు.సి. ఒక సంవత్సరం, ఎం.బి.బి.ఎస్. అయిదు, మిగతాది హౌస్‌సర్జనీ. నేను లెక్క కట్టాను. రైలెక్కేనాటికి ఆవిడకి ఇరవై. దిగేనాటికి ఇరవై ఏడు."

"రైల్లో ఏడేళ్లేటి మేస్టారూ?" అన్నాడు చినబాబు. అతనికి స్టేషనులో టీ స్టాలు ఉంది. పత్రికలు పక్కనున్న బుక్‌స్టాలులో నించుని చదివేస్తాడు.

"రచయిత్రి అన్నీ చెప్పదు. పాఠకుడు కొంత కట్టుకోవాలి."

"అలగ కాదు మేస్టారూ. నాను పత్రికలో సదివినాను. ఆ ఇంజనీరు ఎతుక్కుంటా వచ్చి ఆ పంతులమ్మనే పెల్లాడతాడు. డాక్టరమ్మది ఏరే కత."

"నించుని చదివితే అలాగే ఉంటాది. సగం పేజీలు తిప్పేసి ఉంటావు" అన్నారు మేస్టారు. బెంచీల మీదున్నవాళ్లు చినబాబుని కూర్చోమన్నారు. ఎనభై ఏడు మార్కులు పడ్డ నవలని టీ కొట్టువాడు కాదనడం వాళ్లకి నచ్చలేదు. వాళ్లలో ఎవరూ ఆ నవల చదవలేదు.

"అతను చెప్పిందే..." అని అధికారి లేవబోయారు.

"తమరు ఈ నవల చదివారా సార్?"

అధికారి మొహం ఎర్రబడింది. "నేనా? ఇలాంటివి చదివే తీరిక నాకెక్కడిది. ఇంట్లో ఆడవాళ్లు చదువుతుంటే చెవిన పడింది."

"చదవకుండా అభిప్రాయం చెప్పడం మంచి పద్ధతి కాదు సార్. మా పిల్లలకి కూడా అదే చెప్తాను" అన్నారు మేస్టారు. వెనక గోడ దగ్గర జ్ఞానానందం తన ఉద్యోగానికి మనసులో చిన్న ప్రార్థన చదివాడు. సమాధి దగ్గర చదివేలాంటిది.

ఆ ప్రార్థన పూర్తి కాకుండానే దేవమణి లేచింది. "మేస్టారు సదివినదాని సంగతి నాకు తెలీదు. నాను ఈ విరజాదేవిదే 'మేడమీది మేఘం' సదివినాను. ఆయమ్మ ఎవలో గాని కనబడితే అడుగుతాను. వైశాలి అనీ పిల్ల ఎంబీబీయెస్ పాసయినాది. బంగారు పతకం వచ్చింది. వచ్చి ఏటి సేసినాది? పేరు మార్చీసుకొని, పల్లెటూల్లో పంతులమ్మయి, అ ఆలు దిద్దిస్తాది. మా ఆస్పత్రిలో డాక్టరమ్మ లేక ఎనిమిది నెలలైంది. కాన్పు కష్టమైతే బండి కట్టించి విజయనగరం పంపుతన్నాం. ఇద్దరు దార్లోనే పోయినారు. సదివిన సదువు గాలికొదిలీసిన మనిషిని దేవతలాగ రాస్తాదా? నాకు సున్నా మార్కులు ఏయడానికి కూడా మనసు రాలేదు."

అధికారి గొడుగు కింద పడింది. ఎవరూ తీయలేదు. ఆయన చెయ్యి చాపి, "ఆ రెండు పుస్తకాలూ ఇలా తెండి" అన్నారు.

జ్ఞానానందం బీరువా దగ్గరికి వెళ్లి ముడి సంపుటం తీశాడు. మేస్టారి దగ్గర జడ సంపుటం తీసుకున్నాడు. రెండూ బల్ల మీద పెట్టేసరికి అతనికి ఇంక దాచడం మీద విసుగు పుట్టింది. పొద్దుటి నుంచి మోసిన బరువు దింపేసుకుంటే తప్ప నిలబడలేననిపించింది.

"అయ్యా, తప్పు నాది. రెండు నవలలూ ఒకే గోనెలో కలిపి ఇచ్చాను. బైండరుకి సదువు రాదు. జడ బొమ్మలన్నీ ఒక నవలనుకున్నాడు, ముడి బొమ్మలన్నీ ఇంకో నవలనుకున్నాడు. మేస్టారు సదివింది సగం ఇది, సగం అది. సిస్టరుగారు సదివిందీ అంతే. మనిషి మంచోడు, అతన్ని ఏమీ అనకండి. నేనే సూసుకోవలసింది." అతను మేస్టారి వైపు తిరిగాడు. "పొద్దున సెప్దామనే వచ్చాను మేస్టారూ. మీ మాటలిన్నాక సెప్పలేకపోయాను."

జగన్నాధం మేస్టారు బల్ల మీది జడ సంపుటం తెరిచారు. చివరి పేజీలో తాను వేసిన అంకె వైపు చూస్తూ నిలబడ్డారు. జేబులో పెన్సిలు మీదికి చెయ్యి వెళ్లింది. అందరూ కొట్టేస్తారనే అనుకున్నారు.

"ఎవరూ రాయకపోతే ఏం. నేను చదివాను" అన్నారు ఆయన. "మార్కులు మారవు." చెప్పి కూర్చున్నారు.

నరసింగరావు రెండు పుస్తకాల్లోనూ పద్నాలుగో వారం పూర్తయ్యే చోటు తీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. తరవాత అందరినీ వెళ్లి టీ తాగమన్నారు. మేస్టారినీ, దేవమణినీ, జ్ఞానానందాన్నీ మాత్రం ఉండమన్నారు. చినబాబు ఇరవై మందినీ వెంటబెట్టుకుని తన స్టాలుకి నడిచాడు. గోష్ఠి వల్ల ఆ రోజు అందరికన్నా ముందు లాభపడ్డది అతనే.

గది ఖాళీ అయ్యాక అధికారి కోటు పై బొత్తాం తీశారు. ఇంతసేపూ మాట్లాడిన ఆఫీసు భాష కూడా దానితోపాటే ఊడిపోయింది.

"విరజ మా ఆవిడ పేరు. రాసేవాణ్ని నేను" అన్నారు. "సర్కారు ఉద్యోగం, పైగా ఆడవాళ్ల పేరుకే గిరాకీ. పదకొండేళ్లైంది. పొద్దున్నే లేచి, ఆఫీసుకెళ్లేలోపల ఒక వారం భాగం. పన్నెండు నవలలు. ఉత్తరాలన్నీ ఆవిడ పేరునొస్తాయి, సన్మానాలకి ఆవిడే ఎల్తాది. నా ఎదురుగుండా మనుషులు నా పుస్తకం సదివి, దాని గురించి కొట్లాడుకోవడం ఇదే మొదలు."

దేవమణి ఆయన్ని ఎగాదిగా చూసింది. కనబడితే అడుగుతానన్న మనిషి కనబడ్డాడు. "ఆ అసలు కతలో డాక్టరమ్మ డాక్టరుగానే ఉంటాదేటండీ?" అని అడిగింది.

"ఉంటాదమ్మా. కాఫీతోటల్లో ఆస్పత్రి పెడతాది."

"అయితే పరవాలేదు" అంది దేవమణి. అని, కొంగు సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

నరసింగరావు మేస్టారి వైపు కుర్చీ జరుపుకున్నారు. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు గొంతు తగ్గించారు. "మేస్టారూ, నిజం సెప్పండి. విడివిడిగా సదివితే ఎన్ని వేసేవారు?"

మేస్టారు జాలి చూపించడం ఎరగరు. "ఈ పుస్తకంలో మొదటి సగానికి ముప్పై. రెండో సగానికి ముప్పై."

"కలిపితే అరవై కదా. ఎనభై ఏడు ఎలగొచ్చింది?"

"మధ్యలో మీరు రాయని చోటికి ఇరవై ఏడు."

నరసింగరావు ఆ మాట విని తల వంచుకున్నారు. బాధపడ్డారో సంతోషించారో జ్ఞానానందానికి తెలియలేదు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా అతనిలో మిగల్లేదు. జామికి బీరువాలు ఎన్ని బళ్లలో పడతాయో లెక్కేసుకుంటూ నిలబడ్డాడు. ఆరింటి రైలుకి అధికారి జడ సంపుటాన్ని కోటు కింద దాచుకుని ఎక్కారు. మందిరం సంగతి ఒక్క మాటైనా అనలేదు. రైలు కదిలాక జ్ఞానానందం ప్లాట్‌ఫారం మీద ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ తరవాత పదిహేను రోజులు అతను మందిరం తలుపు తీసినప్పుడల్లా ఇదే ఆఖరుసారేమో అనుకుంటూ తీశాడు. పదహారో రోజున ఉత్తర్వు వచ్చింది. మందిరం కొత్తవలసలోనే ఉంటుంది. "పాఠకులు పుస్తకములను మిక్కిలి పట్టుదలతో చదువుచున్నారు" అని అందులో ఉంది. లైబ్రేరియన్ పోస్టు ఇకపై ఫుల్‌టైము. అక్కడిదాకా చదివేసరికి జ్ఞానానందానికి కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకుని మిగతాది చదివాడు.

"ఫుల్‌టైముకు తగిన పని కల్పించుటకై, జిల్లాలోని అన్ని శాఖలలో నున్న విడి సీరియళ్లను ఇకమీదట ఈ మందిరముననే బైండు చేయించవలెను. బైండింగునందు ప్రస్తుతము అనుసరించుచున్న పద్ధతిని ఎంతమాత్రము మార్చరాదు."

ఆ ఆఖరి వాక్యాన్ని అతను మూడుసార్లు చదువుకున్నాడు. మరుసటి వారం పార్సిలు ఆఫీసు నుంచి కబురొచ్చింది. పద్నాలుగు గోనెలు. నూకయ్య వాటిని ఉత్సాహంగా వరండాలో దిమ్మరించి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ మోకాలి ఎత్తున కాయితాలు, కాయితాల నిండా ఒకే మొహంతో ఆడపిల్లలు.

"బాబూ, ఈటిల్లో కల్లజోడు గుంటలు కూడా ఉన్నారు. ఆల్లని ఏరే బొత్తి ఎట్టనా?"

జ్ఞానానందం ఉత్తర్వు వైపు చూశాడు. గోనెల వైపు చూశాడు. సరైన జవాబు చెప్పాలంటే ఆ పద్నాలుగు గోనెలూ తను చదవాలి.

"ఎట్టు" అన్నాడు.

ఆ సంవత్సరం ఎవరూ కలం పట్టకుండానే జిల్లాలో నలభై రెండు కొత్త నవలలు వెలువడ్డాయి.